గోదావరి సీమలో నిమ్మజాతి ఫలములను ఎండబెట్టు ఆచారము

ఆంధ్రదేశ చరిత్రను వ్రాసినవారు శాసనములను, రాజవంశములను పరిశీలించినంత శ్రద్ధతో వంటయింటిని పరిశీలింపలేదు. 1949లో వెలువడిన సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఈ లోటును కొంత తీర్చినది. కావ్యములలోని భోజన వర్ణనలు చరిత్రకు ఆధారములు కాగలవని ఆ గ్రంథము నిరూపించినది. అయినను కావ్యమున కెక్కని వంటయింటి పనులు పెక్కులు మిగిలియున్నవి. నిమ్మ, దబ్బ మొదలగు పుల్లని కాయలను ఉప్పుతో ఊరబెట్టి ఎండబెట్టుట వానిలో నొకటి. గోదావరి డెల్టాలో ఈ పని యెట్లు రూపొందినదో, దానికి ఆ సీమ నేల, వాన, ఉప్పు ఎట్లు కారణములైనవో విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట పేర్లను విచారింతము. ఈ జాతి ఫలములకు తెలుగున నున్న పేర్లు ఒక కాలమున పుట్టినవి కావు. మాదీఫలము సంస్కృతమున మాతులుంగము, బీజపూరము అని ప్రసిద్ధము. చరకసంహిత దీనిని పేర్కొన్నది. కొల్హాపురపు మహాలక్ష్మి చేతిలో నున్న ఫలమిదియే. నిమ్మ అను మాట సంస్కృత ‘నింబూక’ శబ్దముతోను, హిందీ ‘నీంబూ’తోను సంబంధించినది. ఆ మాటయే పారసీకమున ‘లీమూ’, అరబ్బీలో ‘లైమూన్’ అయి, తుదకు ఐరోపా భాషలలో ‘లెమన్’గా నిలిచినది. నారింజ కథయు ఇట్టిదే. సంస్కృత ‘నారంగ’ శబ్దమునకు ద్రావిడ మూలమును పలువురు భాషావేత్తలు అంగీకరించిరి. అది పారసీకమున ‘నారంగ్’, అరబ్బీలో ‘నారంజ్’, స్పానిషులో ‘నరాన్హ’ అయినది. మన ‘నారింజ’లోని జకారము దక్షిణ దేశపు పాతరూపమునకంటె పారసీక, అరబ్బీ రూపములకు దగ్గరగా నుండుట గమనింపదగినది. ఇంట పుట్టిన మాట పరదేశములు తిరిగి ఇల్లు చేరినట్లు తోచుచున్నది.

బత్తాయి, పంపరపనస అను రెండు మాటలు గోదావరి తీరపు చరిత్రకు మరింత సన్నిహితములు. డచ్చివారు 1605 ప్రాంతమున మచిలీపట్నమునకు వచ్చిరి. తరువాత పాలకొల్లు, ద్రాక్షారామము, కాకినాడలోని జగన్నాథపురము వారి వర్తక స్థానములైనవి. తూర్పు దీవులలో వారి రాజధాని బటావియా. ఆ పేరు 1619 నాటిది. ‘బత్తావి నారింజ’ అను వ్యవహారము ఆ నగరమును స్మరింపజేయుచున్నది. పంపరపనస డచ్చి ‘పోంపెల్‌మూస్’, తమిళ ‘పంబళిమాసు’ అను మాటలకు చుట్టము. డచ్చి మాట తమిళమున ప్రవేశించినదని కొందరును, తమిళపు మాటయే డచ్చివారి నోట మారినదని కొందరును చెప్పుదురు. ఏది నిజమైనను తెలుగువాడు తనకు తెలియని తుదిభాగమును తనకు తెలిసిన ‘పనస’గా మార్చుకొనెను. ఆ కాయ పరిమాణమును చూచినవారికి ఈ మార్పు వింతగా తోపదు. 1824 నాటి ఒడంబడిక ననుసరించి, మరుసటి సంవత్సరమున డచ్చివారు ఈ స్థానములను ఆంగ్లేయులకు అప్పగించి వెడలిరి. కాయ పేరు మాత్రము పెరటిలో నిలిచినది.

ఇక ఎండబెట్టుటను గూర్చి. తెలుగున ఎండిన కూరలకు ‘వరుగు’ అను ప్రాచీనమైన మాట యున్నది. ‘ఒరుగు’ అనియు వాడుక. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానకాలమున అతిథులకు పెట్టిన భోజనమున వడియములు, వరుగులు చేరియుండుట సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. ఎండకాలమున దాచినది వానకాలమున తినుట వరుగుయొక్క ధర్మము. దోస, గోరుచిక్కుడు, మామిడి ముక్కలు దీనికి తగినవి. అవి వేసవిలోనో, అంతకు పూర్వమో దొరకును. వేసవి ఎండలో రెండుమూడు దినములలో గలగలలాడునట్లు ఎండును.

నిమ్మకాయ ఈ ధర్మమునకు లోబడదు. వేసవిలో నిమ్మకు గిరాకి హెచ్చు, కాపు తక్కువ. మాఘ ఫాల్గుణములలో పూచిన పూత కాయలై చేతికి వచ్చుసరికి ఆషాఢ శ్రావణములగును. అప్పుడు కాయ చౌక; కాని ఆకాశమున ఎండ లేదు. ఎండ యున్ననాడు కాయ లేదు, కాయ యున్ననాడు ఎండ లేదు. దబ్బకాయ కార్తిక మార్గశిరములలో పండును. ఆ దినములలో ఎండ కొంత నమ్మదగినదే యైనను, తుపానులకును అదే కాలము. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను ధ్వంసము చేసిన తుపాను కార్తికమునకు సమీపముననే వచ్చినది. కావున ఈ సీమలో పుల్లని కాయను నేరుగా ఎండ నమ్మి కోయుటకు వీలులేదు. ఎండ వచ్చువరకు కాయను చెడకుండ నిలుపు వస్తువు వేరొకటి కావలెను. ఆ వస్తువు ఉప్పు.

గోదావరి ఇండ్లలో సాగు పద్ధతి ఈ విషయమును స్పష్టము చేయును. కాయలను కడిగి, తడి లేకుండ తుడిచి, నాలుగేసి ముక్కలుగా తరుగుదురు. ఉప్పు, పసుపు చేర్చి జాడీలో వేసి, మూతికి గుడ్డతో వాసెన కట్టుదురు. పులుపు లోహమును తినును గనుక జాడీయో, రాచిప్పయో వాడుదురుగాని ఇత్తడి పాత్రను తాకనీయరు. మూడు దినములు ఊరిన పిదప ముక్కలను ఊటనుండి పిండి తీసి, చాపమీదనో, పళ్లెములలోనో పరచుదురు. ఊటను వేరు గిన్నెలో అదే ఎండకు పెట్టుదురు. సాయంకాలము ముక్కలను తిరిగి ఊటలో వేయుదురు. మరునాడు ఉదయమున మరల తీయుదురు. ఊట యంతయు ముక్కలకు పట్టి, ముక్క వంగునదియే గాని విరుగనిదియై నిలుచువరకు ఈ పని సాగును. మబ్బు పట్టినచో ముక్కలు ఊటలోనే యుండును, నష్టము లేదు. ఎండ వచ్చినపుడు పని మరల మొదలగును. ఇట్లు ఎండిన ముక్కలను దాచి, కావలసినపుడు కొన్నింటిని తీసి కారము, మెంతిపిండి కలిపి, ఇంగువ పోపు పెట్టుదురు. మామిడితో చేయు మాగాయకును ఇదే క్రమము. దీనిని వరుగు అనక ఊరగాయ అని వ్యవహరించుట యుక్తము. ఇచట ఊరుట ప్రధానము, ఎండుట దానికి తోడు.

దీనిలోని శాస్త్రము కఠినమైనది కాదు. ఉప్పు ముక్కలోని నీటిని వెలికి లాగును. ఊట ఎండలో ఇగిరినకొలది పులుపును ఉప్పును చిక్కబడును. ఆ చిక్కదనమున బూజునకు వలసిన నీరు మిగులదు. తొక్కలోని చేదునకు కారణమైన లిమోనిన్, నారింజిన్ మొదలగు పదార్థముల తీవ్రత ఊరుటచే కొంత అణగును. నారింజిన్ అను శాస్త్రనామము కూడ మన నారంగ శబ్దమునుండియే ఏర్పడినది.

అన్యదేశములతో పోల్చినచో గోదావరి పద్ధతియొక్క విశేషము తేటపడును. ఒమానులో నిమ్మకాయలను ఉప్పునీట మరిగించి, కోయకుండనే ఎండలో నల్లబడువరకు ఎండబెట్టుదురు. ఇరాకులో వానిని ‘బస్రా నిమ్మ’ అందురు. ఎడారి గాలికి కాయ కాయగానే ఎండును. చైనాలోని సిన్‌హుయి ప్రాంతమున కమలాజాతి పండ్ల తొక్కలను మాత్రమే ఎండబెట్టి యేండ్ల తరబడి నిలువయుంతురు. మనవారును నారింజ, నిమ్మ తొక్కలను ఎండబెట్టి సున్నిపిండిలో కలుపుదురు. కాని తినుటకు దాచునది ముక్క. దానిని కాపాడునది ఉప్పు. ఒకే జాతి ఫలము, ఒకే సూర్యుడు. గాలిలోని తేమను బట్టి మూడు దేశముల వంటయిండ్లు మూడు మార్గములను పట్టినవి.

ఉప్పే ప్రధానమైనపుడు ఉప్పు చరిత్రయు ఈ ఆచారపు చరిత్రలో భాగము కావలెను. చెన్నరాజధానిలో ఈస్టిండియా కంపెనీ 1805లో ఉప్పు గుత్తాధిపత్యమును స్థాపించినది. 1882 నాటి ఉప్పు చట్టము ఆ కట్టడిని మరింత దృఢపరచినది. సముద్రము కనుచూపుమేరలో నున్న పల్లెలోని గృహిణి కూడ పన్ను చెల్లించిన ఉప్పునే కొనవలసివచ్చెను. దినదినము కూరలో వేయు ఉప్పు చిటికెడు. ఊరగాయకు కావలసినది మానికలతో కొలుచునది. పన్నుయొక్క బరువు ఏడాదిలో ఊరగాయ పెట్టు దినమున ఒక్కసారిగా తెలిసియుండునని ఊహించుట అసంగతము కాదు. 1930లో బులుసు సాంబమూర్తి ప్రభృతులు తూర్పుగోదావరిలో నడపిన ఉప్పు సత్యాగ్రహమునకు గృహములలో లభించిన ఆదరణను ఈ దృష్టితో కూడ పరిశీలింపవలెను. ఉప్పు పన్ను 1947లో రద్దయినది.

ఈ ఎండిన ముక్కకు వంటయింటి వైద్యమున నున్న స్థానమును గూర్చి ఒక మాట. జ్వరము తగ్గినవారికి, నోరు అరుచిగా నున్నవారికి కారము కలపని ఉప్పు నిమ్మకాయను పథ్యముగా పెట్టుట వాడుక. దీనిని చూచి ఎండిన నిమ్మలో పచ్చినిమ్మ గుణములన్నియు నిలిచియుండునని భావింపరాదు. 1747లో జేమ్స్ లిండ్ అను నౌకావైద్యుడు పన్నెండుగురు నావికులపై పరీక్షచేసి, నారింజ నిమ్మపండ్లు స్కర్వీ వ్యాధిని మాన్పునని చూపెను. కాని నిలువకై రసమును కాచి చిక్కబరచు పద్ధతిని కూడ ఆయనయే సూచించెను. ఆ కాపుడులో గుణము చాలవరకు నశించినది. సి విటమిను వేడికి, గాలికి నిలువదు. మన ముసలమ్మలు ఉప్పు నిమ్మకాయను రుచి పుట్టించుటకు పెట్టిరి. ఆ మేరకు వారి వాడుక సరియైనదే. అంతకుమించిన మహిమను దానికి ఆరోపించుట నేటివారి అత్యుత్సాహము.

1784లో షీలే అను రసాయనవేత్త నిమ్మరసమునుండి పులుపును స్ఫటికములుగా వేరుచేసెను. 1919నుండి ఆ స్ఫటికము బూజు సహాయమున కర్మాగారములలో విస్తారముగా తయారగుచున్నది. అదియే మన అంగడిలోని ‘నిమ్మ ఉప్పు’. నిమ్మ లేని నిమ్మ, ఉప్పు కాని ఉప్పు! పులుపు మాత్రమే కావలసినవారికి ఎండిన ముక్కతో పనిలేకపోయినది. మండువా లోగిళ్లు తగ్గి, అంతస్తుల ఇండ్లు పెరిగి, ఎండ పడు చోటును కరవైనది. మరొకవైపు ఏలూరు పరిసరముల మెట్టలో నిమ్మతోటలు విస్తరించినవి. వానకాలమున కాయ ధర పడిపోయి రైతు నష్టపడుటయు తరచు జరుగుచున్నది. కాయ మిక్కిలిగా నున్నపుడే దానిని నిలుపు నేర్పు ఇండ్లలో సన్నగిల్లుచున్నది. వెంకటరామన్నగూడెమున 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయము వంటి సంస్థలకు ఈ పాత క్రమము పరీక్షింపదగిన వస్తువు. మబ్బు దినములలో ఉప్పుతో నిలిపి, ఎండ దినములలో ఆరబెట్టు ఉపాయము చిన్న రైతునకు నేటికిని అక్కరకు రాగలదు.

తెలుగు శాఖలకు సంబంధించిన కర్తవ్యము వేరు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము వ్యవసాయ సంపుటము 1962లోను, చేనేత సంపుటము 1971లోను వెలువడినవి. నాగలికి, మగ్గమునకు లభించిన గౌరవము జాడీకిని లభింపవలెను. ఊట, వాసెన, ఒరుగు, రాచిప్ప మొదలగు మాటలు, వానితోపాటు ముక్క ఎండిన స్థితులను తెలుపు సూక్ష్మపదములు, వానిని వాడిన స్త్రీల నోటనే యున్నవి. మడి కట్టుకొని ఊరగాయ పెట్టిన ఆ తరములో అనేకులు వితంతువులు. ఇంటిల్లిపాదికి ఏడాది పొడుగున రుచిని దాచిన వారి పేర్లు ఏ గ్రంథమునను కానరావు. పరిశోధక విద్యార్థులు మండలమున కొకరుగా వెళ్లి, ఆ మాటలను వారు పలికిన రూపముననే వ్రాసికొన్నచో, నిఘంటువునకు పదములును, సాంఘిక చరిత్రకు ఒక ప్రకరణమును సమకూరును. ఆ పని చేయుటకు ఇంకను సమయము కలదు. కాని అది చాలినంత లేదు.