ఇన్‌పుట్, అవుట్‌పుట్ నిర్దేశం

కంప్యూటర్ శాస్త్రంలో ఒక సమస్యను సాధించడానికి ఇచ్చే సమాచారాన్ని ఇన్‌పుట్ అనీ, దాని నుంచి రాబట్టవలసిన ఫలితాన్ని అవుట్‌పుట్ అనీ అంటారు. కీబోర్డు, తెర వంటి పరికరాల విషయంలోనూ ఈ పేర్లే వాడుకలో ఉన్నప్పటికీ, సమస్యా సాధనలో ఇవి పరికరాలను గాక విలువలను సూచిస్తాయి. డొనాల్డ్ క్నూత్ 1968లో వెలువరించిన 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' మొదటి సంపుటంలో అల్గారిథమ్‌కు, అంటే పరిమితమైన అడుగులలో ముగిసే గణన విధానానికి, ఐదు లక్షణాలు చెబుతూ ఈ రెండింటినీ వాటిలో చేర్చాడు. ఇన్‌పుట్ అసలు లేకపోయినా అల్గారిథమ్ ఉండవచ్చు గాని, అవుట్‌పుట్ ఒక్కటైనా ఉండి తీరాలి. ఆ అవుట్‌పుట్‌కు ఇన్‌పుట్‌తో గల సంబంధాన్ని ముందే నిర్దేశించాలి.

ఈ సంబంధాన్ని చెప్పడంలోనే పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి. సంఖ్యలను వరుసలో అమర్చే సమస్యలో 'ఫలితం ఆరోహణ క్రమంలో ఉండాలి' అని మాత్రమే చెబితే, 7, 3, 3 ఇచ్చినప్పుడు 1, 2, 3 అని తేల్చే ప్రోగ్రాము కూడా ఆ షరతుకు లోబడినట్లే అవుతుంది. ఇచ్చిన సంఖ్యలే, ఇచ్చినన్ని సార్లే ఫలితంలో ఉండాలని చేర్చినప్పుడు గాని 3, 3, 7 అనే జవాబు ఒక్కటే మిగలదు.

'ఇచ్చిన పదంలో ఎన్ని అక్షరాలున్నాయో చెప్పాలి' అనే సమస్య పైకి మరీ సులభంగా కనిపిస్తుంది. 'స్త్రీ' అనే పదాన్ని ఇన్‌పుట్‌గా తీసుకుంటే, తెలుగు ఛందస్సు ప్రకారం అది ఒకే అక్షరం. యూనికోడ్ సంకేతాలను లెక్కిస్తే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు అవుతాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కనుక బైట్ల లెక్కన 18 అవుతుంది. మూడు లెక్కలలో ఏదీ తప్పు కాదు. తప్పంతా ప్రశ్నలోనే ఉంది.

ఏ ఇన్‌పుట్‌లు చెల్లుతాయో చెప్పే షరతును పూర్వ నిబంధన అనీ, ఫలితం ఎలా ఉండాలో చెప్పే షరతును ఉత్తర నిబంధన అనీ అనవచ్చు. ఈ రెండింటినీ జోడించి ప్రోగ్రాముల సరితనాన్ని తర్కబద్ధంగా నిరూపించే పద్ధతిని టోనీ హోర్ 1969లో ప్రతిపాదించాడు. ఖాళీ జాబితాకు మొత్తం సున్నా అని చెప్పుకోవచ్చు గాని, అందులో గరిష్ఠ సంఖ్య ఏదంటే జవాబు లేదు. అందుచేత గరిష్ఠాన్ని కనుగొనే సమస్యలో జాబితా ఖాళీగా ఉండరాదన్న పూర్వ నిబంధన అయినా ఉండాలి, ఖాళీ జాబితాకు ఏమి చెప్పాలో అయినా నిర్దేశించాలి.

పూర్వ నిబంధనను విస్మరిస్తే ఏమవుతుందో 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి తొలిసారి ఎగిరిన ఏరియన్ 5 రాకెట్ చూపింది. క్షితిజ సమాంతర వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల విలువను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోగా, అది ఆ పూర్ణాంకానికి గరిష్ఠ పరిమితి అయిన 32,767ను దాటిపోయి మార్గనిర్దేశక వ్యవస్థ స్తంభించింది. దాదాపు 40 సెకన్లకే రాకెట్ దారితప్పి పేలిపోయింది. అంతకుముందు ఏరియన్ 4లో అదే కోడు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది.