ఇద్దరు సారథుల విమానము

చోడవరము ప్రాంతమున చెఱకు బండి కట్టిన రైతులకు బరువు సమముగా వేయుట తెలియును. బరువు వెనుకకు పడినచో కాడి పైకి లేచును. ముందుకు పడినచో ఎడ్ల మెడలు వంగును. విమానమునకును ఇట్టి సమత్వమే కావలెను. తోకయందలి అడ్డరెక్కను వలసినంత వంచి, ముక్కు లేవకుండ వాలకుండ నిలుపుటను ట్రిమ్ అందురు.

1914 జూన్ 18న పారిస్ చెంత లారెన్స్ స్పెర్రీ విమానము నడుపుచు రెండు చేతులును పైకెత్తి చూపెను. మెకానిక్ రెక్కపై నడచినను విమానము చలింపక సాగెను. ఆ సాధనమే, ఆటోపైలట్, కాలక్రమమున ట్రిమ్‌ను కూడ తన వశము చేసికొనెను. పైలట్ల శ్రమ తగ్గెను; దానితోపాటు క్రొత్త ప్రమాదమొకటి వచ్చెను.

1991 ఫిబ్రవరి 11న మాస్కోలో దిగబోవు ఎయిర్‌బస్ ఎ-310 మరల పైకి లేవవలసి వచ్చెను. ఆటోపైలట్ ముక్కును లేపుచుండగా పైలట్లు నియంత్రణ దండమును ముందుకు త్రోసిరి. వారెంత త్రోసిన యంత్రము తోకను అంత ఎదురు వంచెను. విమానము పలుమార్లు పడబోయి, తుదకు క్షేమముగా దిగెను.

1994 ఏప్రిల్ 26న జపానులోని నగోయాలో అట్లు జరుగలేదు. చైనా ఎయిర్‌లైన్స్ వారి ఎ-300 దిగుచుండగా, మరల పైకి లేపు మీట సహపైలట్ చేత పొరపాటున కదలెను. ఆయన దింపుటకు దండమును త్రోయుచుండెను; యంత్రము లేపుటకు తోకను వంచుచుండెను. ఆటోపైలట్‌ను విడిపించిన పిదప కూడ వంగిన తోక వంగియే యుండెను. కెప్టెన్ దిగుట మానుకొని ఇంజనుల శక్తి పెంచగానే ముక్కు మిక్కిలి పైకి లేచి విమానము కూలెను. 271 మందిలో 264 మంది మరణించిరి. దండము త్రోసినచో ఆటోపైలట్ విడిపోవునట్లు మార్పు చేయవలెనని నిర్మాతలు 1993లోనే సూచించిరి. ఆ విమానమున అది అప్పటికి జరుగలేదు.

2018, 2019 సంవత్సరములలో బోయింగ్ 737 మాక్స్ విమానములు రెండు కూలెను. ఈసారి ఆటోపైలట్ కాదు. ఒక సూచిక తప్పు చెప్పగా, మరియొక స్వయంచాలక ఏర్పాటు ట్రిమ్‌ను త్రిప్పి ముక్కును మాటిమాటికి దించెను. ఇథియోపియాలో పైలట్లు విద్యుత్ ట్రిమ్‌ను ఆపి చూచిరి; కాని ఆ వేగమున చక్రము చేతితో తిరుగలేదు. అసువులు బాసిన 157 మందిలో మన తెలుగునాటి బిడ్డయు ఒకరు.

యంత్రముతో పెనగులాడుటకంటె ముందు దానిని విడిపింపవలెను; విడిపించిన పిదప అది తోకను ఎచట వదలినదో చూడవలెను. ఇది పైలట్ల ధర్మము. యంత్రము ఎప్పుడు, ఏల, ఎంత కదలించునో వారికి దాచక తెలుపుట నిర్మాతల ధర్మము. ఈ రెండింటిలో ఏది లోపించినను ప్రయాణికులకు రక్షణ లేదు.