గొలిత్సిన్ ప్రభువు

అలెగ్జాండర్ గొలిత్సిన్ 1773వ సంవత్సరమున రష్యా దేశపు ప్రభువంశమున జన్మించెను. రాజనగరులో పెరిగి, యౌవనమున దైవచింత లేక భోగములందు కాలము గడిపెను. 1803లో అలెగ్జాండరు చక్రవర్తి తన బాల్యమిత్రుడగు ఇతనిని సంఘపాలన సభపై అధికారిగా నియమించెను. ఆ పని నిమిత్తము క్రొత్త నిబంధన చదువ నారంభించి, అతడు క్రమముగా మారిపోయెను.

ఆనాడు రష్యా దేవాలయములలో చదువబడిన బైబిలు ప్రాచీన స్లావు భాషలోనిది; దున్నుకొను రైతునకు అది చక్కగా బోధపడదు. 1813లో ఏర్పడిన బైబిలు సొసైటీకి గొలిత్సిన్ అధ్యక్షుడయ్యెను. 1816లో చక్రవర్తి అనుమతి దొరకగా, కొలది యేండ్లలోనే సువార్తలును, పిమ్మట క్రొత్త నిబంధన అంతయు వాడుక భాషలో అచ్చయ్యెను.

అతనియందు లోపము లేకపోలేదు. అతడు విద్యామంత్రిగా నున్నప్పుడు, భక్తి పేరట అనేకులు పండితులు విశ్వవిద్యాలయముల నుండి తొలగింపబడిరి. భక్తికి అధికారము తోడైనప్పుడు మిక్కిలి జాగ్రత్త వలయును.

1824లో విరోధుల ప్రయత్నమువలన అతడు మంత్రిపదవిని, సొసైటీ అధ్యక్షతను విడిచెను. 1826లో నికొలాసు చక్రవర్తి సొసైటీ పనినే నిలిపివేసెను. 1844లో గొలిత్సిన్ క్రిమియాలో కన్నుమూసెను. రష్యను భాషలో సంపూర్ణ బైబిలు 1876లో గాని వెలువడలేదు. నాటినవాడు ఫలము చూడలేదు. అయినను నాటిన చెట్టు ఎండిపోలేదు. మన తల్లిభాషలో వాక్యము చదువుకొనునప్పుడు, దాని నిమిత్తము ప్రయాసపడిన వారిని తలంచుకొందము.