పోగు లోపల బరువు మోసేదెవరు? పాలిథిలీన్ ఫైబర్లపై ఎక్స్ కిరణాల సాక్ష్యం

కూరగాయల సంచీ, తూటాలను ఆపే కవచంలోని పోగు రెండూ పాలిథిలీనే. రసాయనికంగా రెండింటిలోనూ ఉన్నది కార్బన్, హైడ్రోజన్ల గొలుసే. తేడా ఆ గొలుసుల పొడవులోనూ, అవి పేర్చుకున్న తీరులోనూ ఉంది. ఈ పేర్పును చూడటానికి ఎక్స్ కిరణాలను మించిన సాధనం లేదనే చెప్పాలి. అయితే అవి ఇచ్చే అంకెలను ఎంతవరకు నమ్మాలన్నది వేరే ప్రశ్న. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

పాలిథిలీన్ స్ఫటిక నిర్మాణాన్ని 1939లో బన్ తేల్చాడు. గొలుసు వెంబడి 2.53 ఆంగ్‌స్ట్రాములకోసారి అదే అమరిక మళ్లీ వస్తుంది. సాగదీయని పాలిథిలీన్ గుండా ఎక్స్ కిరణాలను పంపితే ఫిల్మ్ మీద నిండు వలయాలు పడతాయి. సాగదీసిన కొద్దీ అవి తెగి చిన్న చాపాలవుతాయి. చాపం ఎంత కురచైతే గొలుసులు పోగు దిశకు అంత దగ్గరగా తిరిగాయన్న మాట.

జపాన్‌లో సకురాద, ఆయన సహచరులు 1962లో ప్రచురించిన ప్రయోగం దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. వాళ్లు పోగులను బరువుతో లాగి, ఆ బిగువులోనే వివర్తన కోణాన్ని కొలిచారు. రాగి లక్ష్యం నుంచి వచ్చే ఎక్స్ కిరణాలతో చూస్తే, గొలుసు దిశలోని 002 పరావర్తనం 75 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. 100 మెగాపాస్కళ్ల ప్రతిబలానికి అది జరిగేది డిగ్రీలో నూరింట సుమారు నాలుగు వంతులు మాత్రమే. అంత చిన్న జరుగుడు నుంచే స్ఫటికం యంగ్ గుణకం సుమారు 235 గిగాపాస్కళ్లని లెక్క తేలింది. గొలుసు మరచుట్టులా మెలిక తిరిగే పాలిప్రొపిలీన్‌కు వచ్చినది అందులో ఆరో వంతు దరిదాపే.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఆ లెక్క వెనుక ఒక ఊహ ఉంది: పోగు మొత్తానికి ఎంత ప్రతిబలం పడుతుందో, లోపలి ప్రతి స్ఫటికానికీ అంతే పడుతుందని. స్ఫటిక, అస్ఫటిక భాగాలు ఒకదాని తర్వాత ఒకటి వరుసగా ఉంటేనే ఇది నిజం. అవి పక్కపక్కన ఉంటే, మెత్తటి భాగం తన వాటా బరువు మోయదు, స్ఫటికం మీద సగటు కంటే ఎక్కువ పడుతుంది. అప్పుడు గుణకం అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది. రామన్ వర్ణపటం ద్వారా 1976లో స్ట్రోబ్ల్, ఎకెల్ పొందిన విలువ 290 గిగాపాస్కళ్లు. ఈ వ్యత్యాసానికి ఒక కారణం పై ఊహేనని నా అభిప్రాయం.

ఊహను పరీక్షించగలిగేది అల్పకోణ పరిక్షేపణం. మామూలుగా సాగదీసిన పోగులో స్ఫటిక, అస్ఫటిక పొరలు పదుల నానోమీటర్ల దూరంలో మారిమారి వస్తాయి. కాబట్టి కిరణపుంజానికి పైనా కిందా, ఒక డిగ్రీ లోపే, రెండు మచ్చలు కనిపిస్తాయి. వరుస నమూనాకు బలమిచ్చేవి ఈ మచ్చలే. జెల్ నుంచి తీసి బాగా సాగదీసిన పోగుల్లో అవి మసకబారతాయి, అడ్డంగా సాగే చార మిగులుతుంది. ఆ చార పోగు పొడవునా సాగిన సన్నని ఖాళీల వల్లనైనా రావచ్చు, నానోతంతువుల వల్లనైనా రావచ్చు. పోగును సరితూగే ఎలక్ట్రాన్ సాంద్రత గల ద్రవంలో నానబెడితే, ద్రవం చొరబడిన ఖాళీల వాటా తగ్గుతుంది. మూసుకుపోయిన ఖాళీల సంగతి మాత్రం అలా తేలదు. చార వెడల్పు కోణంతో ఎలా మారుతుందో చూసి, ఆ నిర్మాణాల పొడవునూ వాటి వాలునూ విడదీసే పద్ధతిని రూలాండ్ ఇచ్చాడు.

అందుకే పెద్ద కోణంలోని 002 కొలతనూ, అల్పకోణ కొలతనూ ఒకే పోగు మీద, ఒకే బిగువులో, ఏకకాలంలో తీయాలి. ఇండోర్‌లోని ఇండస్-2 వంటి సింక్రోట్రాన్ల తీవ్రమైన కిరణాలతో ఒక్కో ఫ్రేమ్‌కు పట్టే సమయం బాగా తగ్గుతుంది. పోగు సాగుతుండగానే 002 జరుగుడునూ, నిలువు మచ్చల నుంచి లెక్కించిన పొరల దూరాన్నీ పక్కపక్కనే గీయవచ్చు. ఆ పొరల దూరం పెరిగిన నిష్పత్తి పోగు సాగిన నిష్పత్తికి సరిపోతే వరుస నమూనా నిలబడుతుంది. సరిపోకపోతే స్ఫటిక గుణకంగా అచ్చువేసే అంకె పక్కన నమూనా పేరు కూడా రాయక తప్పదు.