మన గల్లీలోకి బుల్లెట్ వచ్చిన కథ – ఆదివారం మీటింగ్‌కు ముందు ఒక మాట



ఈసారి పోస్టు కొంచెం పొడుగు, చాయ్ పెట్టుకుని కూర్చోండి. నేను ధారావిలో తమిళ మీడియం చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు మా అమ్మ పలక మీద దిద్దించింది. తప్పులుంటే ఎప్పటిలాగే సర్దుకోండి.

విషయం మీకు తెలిసిందే. పోయిన నెల రాత్రి పదకొండు గంటలకు మన పిల్లవాడొకడు కొత్త సైలెన్సర్ బిగించిన బండిని గల్లీలో స్టార్ట్ చేశాడు. ఆ రోజే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన అవ్వ ఉలిక్కిపడి లేచి గంటసేపు వణికింది. తెల్లారి గొడవైంది. ఇప్పుడు గల్లీలో ఎవరూ బండి విప్పకూడదు, పానా పట్టకూడదు అని తీర్మానం పెడతామంటున్నారు. చెయ్యెత్తే ముందు కొంచెం వెనక్కి వెళ్దాం.

మనవాళ్లు ఈ ఊరికి వచ్చిందే చేతిపని మీద. నిజాం ఇలాకా నుంచి వచ్చిన కామాఠీలు రాళ్లు మోసి, గోడలు కట్టి బొంబాయిని నిలబెట్టారు. కామాఠీపురా పేరే వాళ్లది. తర్వాత కరీంనగర్, నల్గొండ వైపు నుంచి పద్మశాలీలు మిల్లులకు వచ్చారు. మగ్గం ఆగితే ఎందుకు ఆగిందో చెవితో విని చెప్పే మనుషులు వాళ్లు. ఆ చెవే తర్వాత బండ్లకు పనికొచ్చింది.

బండ్ల సంగతికొస్తే, బుల్లెట్ పుట్టింది ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో. మన సైన్యానికి గస్తీ కోసం గట్టి బండి కావలసి వచ్చింది. 1955లో మద్రాస్ మోటార్స్ ఆ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టింది. కార్ఖానా మద్రాసు పక్కన తిరువొట్రియూరులో. ఆ ఊరి పేరు ముందు తమిళ అక్షరాల్లో చదివాను కాబట్టి, నాకు అది సగం సొంత ఊరి బండిలా అనిపించేది. అక్కడ ఇంగ్లండులో కంపెనీ మూతపడింది, ఇక్కడ బండి బతికింది. చెక్ దేశపు జావా 1961 నుంచి మైసూరులో తయారైంది, తర్వాత యెజ్దీ అయింది. 1996లో ఆ కార్ఖానా మూతపడింది. పోలండు వంశంలోని రాజ్‌దూత్‌ను ఎస్కార్ట్స్ వాళ్లు చేశారు. లైసెన్సుల కాలం అది. కొత్త బండి కొనే స్తోమత మన చాళ్లలో ఎంతమందికి ఉంటుంది?

1982 జనవరి 18న మిల్లు సమ్మె మొదలైంది. దత్తా సామంత్ వెనక రెండున్నర లక్షల మంది నిలబడ్డారు. చాలామందికి మళ్లీ గేటు తెరుచుకోలేదు. మా బావ మిల్లులో ఫిట్టరు. ఇంట్లో నలుగురు పిల్లలు. నేను అప్పటికి రైల్వేలో గుమాస్తాగా కొత్తగా చేరాను. నా జీతంతో రెండు ఇళ్లు నడిచేవి కావు. బావ కుర్లా తుక్కు బజారు నుంచి తిరగని ఇంజనుతో ఒక పాత బుల్లెట్ తెచ్చాడు. అక్క ఏడ్చింది. బావ ఖోలీ ముందు గోనెసంచి పరిచి, నట్టు నట్టూ విప్పి, ఒక్కొక్కటీ కిరసనాయిలులో కడిగాడు. దొరకని సామాను చోర్‌బజారులో వెతికాడు, అక్కడా లేనిది లేత్ మీద చేయించాడు. ఏ రోజు ఏం మార్చాడో నేను స్టోర్స్ రిజిస్టర్ పద్ధతిలో రాసిపెట్టాను. నాలుగు నెలలకు బండి లేచింది. దాన్ని అమ్మిన డబ్బుతో పిల్లల ఫీజులు కట్టాడు. తర్వాత ఇరవై ఏళ్లు ఆ గోనెసంచే ఆయన మిల్లు.

ఆయన నేర్పిన పద్ధతి పిల్లలకు చెబుతున్నాను. బండి స్టార్ట్ కాకపోతే కోపంతో కిక్ కొట్టకండి. మొదట పెట్రోలు వస్తుందా చూడు, తర్వాత ప్లగ్‌లో నిప్పు, ఆ తర్వాత గాలి. ప్లగ్ తీసి రంగు చూడు. మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, సున్నంలా తెల్లగా ఉంటే తక్కువైంది, చాయ్ పొడి రంగులో ఉంటే సరిగ్గా ఉంది. పాత బుల్లెట్‌కైతే అమ్మీటర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్‌ను మెల్లగా నొక్కి, డీకంప్రెసర్ లివర్ పట్టి కొంచెం దాటించి, అప్పుడు కొట్టాలి. లేకపోతే కిక్ ఎదురు తన్ని చీలమండ విరుగుతుంది. వానాకాలంలో నైంటీ ఫీట్ రోడ్డు మీద మునిగిన బండిని అసలు స్టార్ట్ చేయొద్దు. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ప్లగ్ తీసి, నీళ్లు బయటికి పోయేదాకా ఇంజను తిప్పాలి. నూనె కూడా మార్చాలి.

ఇక సోకుల సంగతి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో సైనికులు పాత బండ్ల మడ్‌గార్డులు కోసి బరువు తగ్గించేవాళ్లు. ఆ అలవాటు నుంచే పొడుగు ఫోర్కు, ఎత్తు హ్యాండిలు, కింద సీటు వచ్చాయి. మన దేశంలో బజాజ్ ఎలిమినేటర్ 2001లో, థండర్‌బర్డ్ 2002లో, అవెంజర్ 2005లో వచ్చాక ఆ షోకు మన గల్లీలోనూ దిగింది. కాళ్లు ముందుకు చాపి కూర్చుంటే రాజాలా ఉంటుంది, కాదనను. కానీ హ్యాండిలు ఎత్తు పెంచితే క్లచ్, బ్రేకు కేబుళ్లు పొడుగువి వేయాలి. లేకపోతే తిప్పినప్పుడు లాగి పట్టేస్తాయి. ఫోర్కు పొడుగైతే సైన్ సర్కిల్ మలుపులో బండి మాట వినదు.

సైలెన్సర్ గురించి మాట్లాడే హక్కు నాకు ఎక్కువే ఉంది, ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. కుర్రతనంలో ఒక స్నేహితుడి జావాకు లోపలి బాఫిల్ తీసేసి ఊరంతా వినిపించాను. టూ స్ట్రోక్ బండికి పొగ బయటికి పోయే దారే ఇంజను లెక్కలో భాగం. చప్పుడు పెరిగింది, లాగుడు తగ్గింది. కార్బురేటర్ సర్దకుండా పరిగెత్తించినందుకు థానే దారిలో పిస్టన్ పట్టేసింది. బావ ఒక్క మాటే అన్నాడు: "అల్లుడూ, చప్పుడు పనితనం కాదు. పనితనం ఉంటే చప్పుడు తగ్గుతుంది." ఫోర్ స్ట్రోక్ బండికీ అంతే. సైలెన్సర్ ఖాళీ చేస్తే ఫ్యుయల్ లెక్క తప్పుతుంది, థ్రాటిల్ వదిలినప్పుడల్లా టపాకాయలా పేలుతుంది. ఆ రాత్రి అవ్వ విన్నది అదే.

చట్టమూ ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అరిగిన సామాను మార్చుకోవడం, కార్బురేటర్ కడుక్కోవడం, సీటు కుట్టించుకోవడం వేరు.

కాబట్టి నా మనవి ఇది. అవ్వకు అన్యాయం జరిగింది. ఆ పిల్లవాడు వెళ్లి కాళ్లకు దండం పెట్టాలి, పాత సైలెన్సర్ తిరిగి బిగించాలి. నేను మాట్లాడాను, ఒప్పుకున్నాడు. రాత్రి ఎనిమిది దాటితే ఇంజను స్టార్ట్ చేయకూడదని, పాత నూనె గటర్‌లో పోయకూడదని, ఖాళీ సైలెన్సర్ బండి గల్లీలోకి రాకూడదని తీర్మానం పెట్టండి, మొదటి చెయ్యి నాదే.

కానీ పానా పట్టొద్దని మాత్రం రాయకండి. రేపు రీడెవలప్‌మెంట్ వచ్చి టవర్లలోకి వెళ్తే గోనెసంచి పరిచే చోటు ఎట్లాగూ ఉండదు. ఆ పని ఇంకెవరో చేయకముందే మన చేత్తో మనమే ఎందుకు మూయాలి? మిల్లు గేటు మూసిన రోజు నలుగురు పిల్లలను బతికించింది ఆ పానాయే. ఆ నలుగురిలో ఇద్దరు ఈ గ్రూపులోనే ఉన్నారు, ఇది చదువుతున్నారు.

బావ రిజిస్టర్ ఇంకా నా దగ్గరే ఉంది, నూనె మరకలతో. ఆదివారం తెస్తాను. ఆ పిల్లవాడికి ఇవ్వాలని ఉంది, సంఘం ఒప్పుకుంటే.

అందరూ రండి.