ఆపరేషన్‌కు ముందు రాత్రి: ఈ జాగ్రత్తలు ఎక్కడ పుట్టాయి?

రొమ్ములో గడ్డ తీయించాలని తేలాక కర్ణాటకలోని దోణిమలై టౌన్‌షిప్ ఇళ్లలో మొదట మాట్లాడుకునేది కోత గురించి కాదు. తోడు ఎవరు వెళ్తారు, పిల్లల్ని ఎవరింట్లో ఉంచాలి, మంగళసూత్రం తీయాలా, ఎప్పటినుంచి తినకూడదు. 1977లో ఇనుప గని మొదలయ్యాక ఈ సండూరు కొండల్లో కాపురాలు పెట్టిన తెలుగువాళ్లకు పెద్ద ఆపరేషన్ అంటే ఊరు దాటాల్సిందే. కొందరు బళ్లారి, కొందరు బెంగళూరు కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి, అయినవాళ్లున్నవాళ్లు హైదరాబాదు వెళ్తారు. ఎక్కడ చేరినా ముందురోజు చెప్పే జాగ్రత్తలు దాదాపు ఒకటే. వాటికి రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది, అందులో చాలాభాగం ఆడవాళ్లు భరించిన నొప్పి.

1811లో పారిస్‌లో ఇంగ్లీషు నవలా రచయిత్రి ఫ్రాన్సెస్ బర్నీకి రొమ్ము తీసేశారు. మత్తు లేదు. ముందే తెలిస్తే భయపడుతుందని ఆమెకు కొద్ది గంటల ముందు మాత్రమే కబురు పెట్టారు. అప్పటికి ఏడేళ్ల ముందే, 1804లో, జపాన్ వైద్యుడు హనావోకా సెయిషూ ఉమ్మెత్త, నాభి కలిపిన కషాయం తాగించి అరవై ఏళ్ల స్త్రీకి రొమ్ము గడ్డ తీశాడు. ఆ మందును పరీక్షించడంలో ఆయన భార్య చూపు కోల్పోయిందని చెబుతారు. జపాన్ తలుపులు మూసుకుని ఉండటంతో ఆ సంగతి బయటి ప్రపంచానికి చేరలేదు. 1846లో అమెరికాలో ఈథర్, మరుసటి ఏడాది బ్రిటన్‌లో క్లోరోఫాం వచ్చాయి.

మత్తుమందు కథలో మన హైదరాబాదుకు పెద్ద చోటే ఉంది. క్లోరోఫాంతో కొందరు బల్ల మీదే ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి అక్కడి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో, 1889లో రెండు కమిషన్లు నడిపాడు. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది. గుండె మీద క్లోరోఫాం నేరుగా దెబ్బకొట్టదన్న లారీ వాదన తర్వాత తప్పని తేలింది. కానీ రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి, మెడ, ఛాతీ, పొట్ట దగ్గర బిగుతు బట్టలేవీ ఉండకూడదు, ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలి అని ఆ కమిషన్ చెప్పిన మాటలు మాత్రం నిలిచాయి. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెప్పుకుంటారు. ఆమె పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది.

పస్తు సంగతి విచిత్రం. మత్తుకు రెండు గంటల ముందు ఒక కప్పు టీ తాగొచ్చని జోసెఫ్ లిస్టర్ 1883లోనే రాశాడు. 1946లో అమెరికా వైద్యుడు కర్టిస్ మెండెల్సన్, మత్తులో ఉన్న కాన్పు తల్లుల కడుపులోని పదార్థం ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తోందని వివరించాడు. ఆ భయంతో అర్ధరాత్రి దాటితే చుక్క నీళ్లు కూడా వద్దన్న కట్టడి బిగిసింది. మధ్యాహ్నం ఆపరేషనైనా సరే, రాత్రి నుంచీ నోరు ఎండబెట్టుకోవాల్సిందే. 1999లో అమెరికా మత్తు వైద్యుల సంఘం మార్గదర్శకాలు దాన్ని సడలించాయి: తేలికపాటి తిండి అయితే ఆరు గంటలు, మంచినీళ్లయితే రెండు గంటలు ఆగితే చాలు. షుగరు ఉన్నవాళ్ల లెక్క వేరు కావచ్చు. మత్తు డాక్టరును ముందే అడగాలి.

మెట్టెలు, గాజులు, తాళి తీయమనడానికి కారణాల్లో ఒకటి కరెంటు కత్తి. 1926లో హార్వే కుషింగ్ వాడి చూపించిన ఆ పరికరం రక్తనాళాలను కాల్చి మూసేస్తుంది. ఒంటి మీద లోహం ఉంటే ఆ చోట చర్మం కాలే ప్రమాదం ఉంది. తాళి తీయడానికి మనసొప్పనివాళ్లు పసుపుతాడు కట్టుకుని వెళ్తారు, అది ఏ యంత్రానికీ అడ్డు కాదు. గోళ్లరంగు తుడవమనేది వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు సరిగా చదవడానికి.

అన్నిటికంటే ఆలస్యంగా మారింది సమ్మతి పత్రం మీద సంతకం. విలియం హాల్‌స్టెడ్ 1882 నుంచి రొమ్ముతోపాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు కూడా తీసేసే పద్ధతి నడిపాడు. దాదాపు ఒక శతాబ్దం అదే ధర్మమైంది. గడ్డ పరీక్షకని మత్తిచ్చి, బల్ల మీదే క్యాన్సరని తేలితే అప్పుడే రొమ్ము తీసేసేవారు. కళ్లు తెరిచేదాకా ఆ స్త్రీకి తెలియదు. అమెరికాలో విలేకరి రోజ్ కుష్నర్ తన రొమ్ము క్యాన్సర్ అనుభవంతో దీన్ని ఎదిరించింది. పరీక్ష ఒకసారి, ఆపరేషన్ మరోసారి జరగాలని 1979లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు తేల్చింది. తొలిదశలో గడ్డ వరకు తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షు తగ్గదని ఇటలీలో వెరొనేసీ, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ పరిశోధనలు నిరూపించాయి. ఇరవై ఏళ్ల ఫలితాలు 2002లో వచ్చాయి.

మన దేశంలో 2008లో సుప్రీంకోర్టు ఒక గర్భసంచి కేసులో, పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదని చెప్పింది. ప్రాణాపాయం లేనప్పుడు మత్తులో ఉన్న కూతురి బదులు తల్లి సంతకం చెల్లదంది. రొమ్ము ఆపరేషన్‌కూ ఇదే వర్తిస్తుంది. కాగితం కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటే తెలుగులో చెప్పించుకున్నాకే సంతకం పెట్టాలి. గడ్డ ఒక్కటే తీస్తారా, రొమ్మంతా తీస్తారా? చంక గ్రంథులు ఎన్ని తీస్తారు? గాయంలోని ద్రవం పోవడానికి పక్కన పెట్టే గొట్టం ఎన్నాళ్లుంటుంది? చెయ్యి వాపు రాకుండా ఏ వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలి? ఈ ప్రశ్నలు భర్తతోనో కొడుకుతోనో అడిగించకుండా, బల్ల ఎక్కబోయే మనిషే అడగాలి.