పాట లేని ప్లేటు

మామూలు రికార్డు ప్లేయర్ మీద పెట్టి ముల్లు ఆనిస్తే ఈ నల్ల ప్లేటులోంచి సన్నని ఈల ఒక్కటే వినిపిస్తుంది. పల్లవి లేదు, చరణం లేదు. పావుగంట సేపు అదే కూత. సంగతి తెలియక కొన్నవాడు షాపువాడితో తగువుకి దిగాల్సిన సరుకు. అయినా ఇరవయ్యేళ్లకు పైగా డీజేలు దీన్ని జతలు జతలుగా కొంటున్నారు, అరిగిపోతే మళ్లీ కొంటున్నారు. దీని పేరు టైమ్‌కోడ్ వినైల్. పాట ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. ప్లేటు మీద ఉన్నది ఆ పాటకు వేసిన పగ్గం.

పాట కంప్యూటర్‌లోకి వెళ్లిపోయాక ఇంకా ప్లేటెందుకు? ఇది అర్థం కావాలంటే 1970ల న్యూయార్క్‌లో, బ్రాంక్స్ పేటకి వెళ్లాలి. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు భవనంలో చెల్లెలు ఏర్పాటు చేసిన పార్టీకి రికార్డులు వేసిన జమైకా కుర్రాడు కూల్ హెర్క్. పాటలో డ్రమ్ములు ఒంటరిగా మోగే చిన్న ముక్క దగ్గరే జనం ఊగిపోతున్నారని అతను కనిపెట్టాడు. ఒకే రికార్డు కాపీలు రెండు పెట్టి, ఆ ముక్కని ఒకదాని తర్వాత ఒకటిగా సాగదీశాడు. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ ఈ పనిని లెక్కలోకి తెచ్చాడు. ముక్క ఎక్కడ మొదలవుతుందో ప్లేటు మీద క్రేయాన్‌తో గీత గీసి, ఎన్ని చుట్లు వెనక్కి తిప్పితే మళ్లీ అక్కడికి వస్తుందో లెక్కపెట్టేవాడు. ప్లేటు కింద సులువుగా జారడానికి ఫెల్టు గుడ్డకి గంజి పట్టించానని తనే చెప్పుకున్నాడు. గ్రాండ్ విజర్డ్ థియొడోర్ అనే మరో కుర్రాడు ప్లేటుని ముందుకీ వెనక్కీ రాపాడిస్తే వచ్చే బరబర శబ్దాన్నే వాయిద్యం చేశాడు. అదే స్క్రాచింగ్.

ఈ విద్యకి తగిన యంత్రం జపాన్ నుంచి వచ్చింది. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 1972లో, దాని ఎంకే2 రూపం 1979లో వచ్చాయి. బెల్టు లేకుండా మోటారే నేరుగా తిప్పుతుంది కాబట్టి చేత్తో ఆపి వదిలినా చప్పున వేగం అందుకుంటుంది. మొదట ఇళ్లలో కూర్చుని పాటలు వినేవాళ్ల కోసం తయారైన ఈ పెట్టెను వాయిద్యంగా మార్చింది వీధి కుర్రాళ్లే. తొంభైల చివరికి ఒక తరం వేళ్లకు ఈ ప్లేటు బరువు, జారుడు, ఎదురుతన్ను అన్నీ అలవాటైపోయాయి.

అప్పుడే ఎంపీ3 వచ్చింది. జాకెట్టుతో కలిపి పన్నెండంగుళాల రికార్డు పావు కిలో దాకా తూగుతుంది. ఎనభై రికార్డుల డబ్బా మోసుకుని విమానాలెక్కే డీజేకి నడుము మిగలదు. పాటలన్నీ హార్డ్‌డిస్కులో పట్టేస్తాయి, నిజమే. కానీ మౌస్ నొక్కుతూ స్క్రాచ్ చెయ్యమంటే ఎవరు చేస్తారు?

ఈ ముడి విప్పినవాళ్లు ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఎన్2ఐటీ అనే చిన్న కంపెనీవాళ్లు. ఈల ప్లేటుతో ల్యాప్‌టాప్‌లోని పాటని నడిపించే వాళ్ల ఫైనల్ స్క్రాచ్ మొదట బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పుట్టింది. ధ్వనిని ఆలస్యం లేకుండా అందించడంలో దానికి మంచి పేరుండేది. ఆ ఓఎస్ కంపెనీ 2001లో పామ్ చేతికి పోయింది. ఫైనల్ స్క్రాచ్ లినక్స్‌కి మారి, అమెరికాలోని స్టాంటన్ కంపెనీ ద్వారా బజారుకెక్కింది. డెట్రాయిట్ నదికి అవతల, కెనడాలోని విండ్సర్ దగ్గర పెరిగిన టెక్నో డీజే రిచీ హాటిన్, అతని మిత్రుడు జాన్ ఆక్వవీవా దీన్ని మొట్టమొదట చేతబట్టినవాళ్లలో ఉన్నారు. హాటిన్ 2001లో తెచ్చిన ‘డీఈ9: క్లోజర్ టు ది ఎడిట్’ ఆల్బమ్‌లో వందకు పైగా ట్రాకుల్ని తునకలుగా కోసి అల్లాడు. మధ్యాహ్నం తయారైన ట్యూన్‌ని ప్లేటుగా అచ్చు వేయించకుండా ఆ రాత్రే వాయించుకోవచ్చన్నది వీళ్లని బాగా ఊరించిన సంగతి.

ఇంతకీ ఆ ఈలలో ఏముంది? తర్వాత వచ్చిన సెరాటో కంపెనీ ప్లేటునే తీసుకుందాం. సరైన వేగంతో తిరిగితే సెకనుకి వెయ్యి అలలు. సగం వేగానికి తగ్గిస్తే ఐదు వందలే వస్తాయి, ల్యాప్‌టాప్‌లోని పాటా సగం వేగానికి దిగుతుంది. చేత్తో ఆపితే అలలూ ఆగుతాయి, పాటా ఆగుతుంది. వేగం సంగతి తేలింది. మరి ప్లేటు ముందుకి తిరుగుతోందా, వెనక్కా? దానికే ఎడమ, కుడి చానళ్లలో ఒకే అలని పావు వంతు తేడాతో చెక్కారు. ముందుకి తిరిగేటప్పుడు వీటిలో ఒకటి ముందు నడుస్తుంది, వెనక్కి తిప్పితే రెండోది ముందుకొస్తుంది. ఈ రెండిటినీ కలిపి తెర మీద గీస్తే చక్కని వలయం కనబడుతుంది. అది నలిగినట్టుంటే ముల్లు దగ్గర దుమ్మో, వైరు తేడానో ఉందని డీజేకి అర్థం.

నాకు అన్నిటికన్నా నచ్చింది మూడో కిటుకు. ముల్లు ఎక్కడ వాలిందో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? అలల ఎత్తుల్లో కొద్దిపాటి హెచ్చుతగ్గులు పెట్టారు. ఎత్తైతే ఒకటి, పొట్టిదైతే సున్నా. వరసగా ఏ ఇరవై అలల్ని చదివినా ఆ ఒకట్లు, సున్నాల వరస ప్లేటు మీద మరెక్కడా మళ్లీ రాదు. ఇరవై అంకెలతో పది లక్షలకు పైగా అమరికలు కుదురుతాయి. పావుగంట ముఖంలో అలలు దాదాపు తొమ్మిది లక్షలు. అంటే సెకనులో యాభయ్యో వంతు వింటే చాలు, పాటలో ఏ చోట ఉన్నామో సాఫ్ట్‌వేర్‌కి తెలిసిపోతుంది. ఫ్లాష్ క్రేయాన్‌తో గీసిన ఆ ఒక్క గీతని ఇక్కడ లక్షల చోట్ల గీశారన్నమాట. ఎక్స్‌వాక్స్ అనే ఉచిత లినక్స్ ప్రోగ్రామ్ తెరిచి చూస్తే ఈ లెక్కంతా ఎవరైనా చదువుకోవచ్చు.

మార్గం వేసింది డచ్చివాళ్లయితే పంట ఇంటికి తెచ్చుకున్నది న్యూజిలాండ్‌వాళ్లు. ఆక్లండ్‌లో స్టీవ్ వెస్ట్ బేస్ గిటార్ సాధన కోసం, శ్రుతి మారకుండా పాటని నెమ్మదిగా నడిపించే ప్రోగ్రామ్ రాసుకున్నాడు. ఏజే బెర్టెన్‌షాతో కలిసి అతను పెట్టిన సెరాటో కంపెనీ, అమెరికన్ మిక్సర్ల సంస్థ రేన్‌తో చేతులు కలిపి 2004లో స్క్రాచ్ లైవ్ అనే సాఫ్ట్‌వేర్‌నీ దానికి తగిన పెట్టెనీ విడుదల చేసింది. తేలిగ్గా దెబ్బతినని ఆ పెట్టె హిప్‌హాప్ డీజేల దగ్గర ఇట్టే పాతుకుపోయింది.

విమర్శలూ వచ్చాయి. జనాన్ని చూడకుండా తెర వెలుగుకే కళ్లప్పగించే డీజేల వాలకానికి ‘సెరాటో ఫేస్’ అని పేరు పెట్టి ఎగతాళి చేశారు. అందులో నిజముంది. ప్లేట్ల డబ్బా తిరగేస్తూ పాట ఎంచుకునే ఓపిక వేల ఫైళ్ల జాబితా ముందు నిలవదు. అయితే చేతి పనితనం పోతుందన్న ఫిర్యాదు మాత్రం నిలవలేదు. టర్న్‌టేబుల్ విద్యకి పెద్ద పోటీ అయిన డీఎంసీ సైతం 2010లలో ఈ పద్ధతికి తలుపు తెరిచింది. ముల్లు కింద పాట ఉన్నా ఈల ఉన్నా మణికట్టు చేసే పని ఒకటే కదా.

ఇప్పుడు క్లబ్బుల్లో ఎక్కువగా కనిపించేవి పెన్‌డ్రైవ్ గుచ్చితే పలికే పెట్టెలు. మన ఊరేగింపుల్లో బండి మీద బాక్సులు పేర్చి మోగించే డీజేకి ఈ ప్లేట్ల గొడవే లేదు. స్క్రాచ్ చేసేవాళ్లు మాత్రం దీన్ని వదల్లేదు. వాళ్లలో కొందరికిప్పుడు ముల్లుతోనూ పని లేదు. ఫేజ్ అనే చిన్న సెన్సర్‌ని ప్లేటు నడుమ పెడితే, ఎంత వేగంగా ఎటు తిరుగుతోందో వైరు లేకుండానే పంపుతుంది. దుమ్ము బాధ లేదు, బేస్ దరువుకి ముల్లు ఎగిరిపడే భయం లేదు, గాడిలో ఏముందన్న పట్టింపు అసలే లేదు. అటక మీది ఘంటసాల పాటల ఎల్పీ దించి తిప్పినా ల్యాప్‌టాప్‌లోని టెక్నో కదులుతుంది.